మూల మెఱుగవలయు
(టీకా తాత్పర్య విశేష సహితము)

అవతారిక: చంద్రగిరి కోటకు కూతవేటు దూరముననున్న మా యింట, ఒక ఆదివారపు సాయంకాలమున, మనుమరాలి పెండ్లి వీడియోను తిలకింపవచ్చిన బంధుజనమెల్ల చాపలపై నాసీనులై యుండగా, లాప్‌టాప్‌నకును 55 అంగుళముల టీవీకిని నడుమ తీగను తగిలించి, ముప్పాతిక గంటసేపు 'నో సిగ్నల్' అను రెండు పదములనే నిర్నిమేషముగా దర్శించిన యొక తెలుగు పండితుడు విరక్తుడై చెప్పిన ఆటవెలది యిది. ఆ పండితుడును ఈ టీకాకర్తయు నొక్కడే యగుటచే కవిహృదయ విషయమున సందేహమునకు తావులేదు.

తీగ కలిపినంత తెరమీద వెలుగునే
మూల మెఱుగవలయు మొదట బుధుడు
చెవికి దారి లేక చిత్రమే యున్నచో
కోటకున్న నోరు కొంపకేది

ప్రతిపదార్థము: తీగ = హెచ్‌డీఎమ్ఐ తీగను; కలిపినంత = రెండు కొసలను రెండు రంధ్రములందు దూర్చిన మాత్రమున; తెరమీద = టీవీ తెరపై; వెలుగునే = బొమ్మ ప్రకాశించునా? (ప్రకాశింపదనుట); బుధుడు = తెలిసినవాడు; మొదట = ముందుగా; మూలము = రిమోట్‌పై 'సోర్స్' లేక 'ఇన్‌పుట్' అని వ్రాసియుండు మీటను; ఎఱుగవలయు = తెలిసికొనవలెను; చెవికి దారి లేక = ధ్వని వెలువడు మార్గము లేక; చిత్రమే = బొమ్మ మాత్రమే; ఉన్నచో = ఉన్నయెడల; కోటకు = చంద్రగిరి దుర్గమునకు; ఉన్న నోరు = కల వాక్కు; కొంపకు = మా యింటికి; ఏది = ఎక్కడిది?

తాత్పర్యము: టీవీకి హెచ్‌డీఎమ్ఐ రంధ్రములు రెండో మూడో యుండును గాన, తీగ యే రంధ్రమున నున్నదో ఆ సంఖ్యను రిమోట్‌తో నెన్నుకొనునంతవఱకు, చుట్టము పెరటి వాకిట పిలుచుచుండగా వీధి వాకిట నిలిచి యెదురుచూచు ముసలి యజమానివలె ఆ యంత్రము మిన్నకుండును. చిన్న మనుమడు ట్యూషన్ నుండి వచ్చి "సోర్సు మార్చల్ల తాతా" అన్న మూడు మాటలు ఈ పద్యమునకు సంగ్రహవ్యాఖ్య.

విశేషములు:

శ్లేష. 'మూల' యనగా టీవీ నిలిపిన గదిమూల, సంకేతము పుట్టుచోటు, గ్రంథపు మూలపాఠము. మూలమున లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు ప్రతినబూనిన వ్యాఖ్యాత కోలాచలము మల్లినాథసూరి సైతము రిమోట్ చేపట్టినచో తొలుత నీ మీటనే నొక్కియుండును. మూలము మార్చుట యీ యూరికి క్రొత్తయు గాదు: 1565 నాటి తళ్ళికోట యుద్ధము పిమ్మట విజయనగర రాజ్యలక్ష్మి హంపిని విడిచి పెనుకొండను, ఆపై చంద్రగిరిని మూలముగా గైకొన్నది.

మతభేదము. 'చెవికి దారి లేక' యనుచోట వ్యాఖ్యాతలు రెండు తెగలు. 1987లో ఐబీఎమ్ వారు ప్రవేశపెట్టిన వీజీఏ తీగకు 15 సూదులే యుండి, అవియు బొమ్మనే మోయును గాన, ధ్వనికి వేఱు తీగ వలయునని ప్రాచీనులు. 2002లో రూపొందిన హెచ్‌డీఎమ్ఐ తన 19 సూదులతో బొమ్మను ధ్వనిని ఒక్క ప్రవాహముగా గొనిపోవును గాన, మౌనము తీగ దోషము గాదనియు, లాప్‌టాప్ తన పలుకును తన చిన్న స్పీకర్లకే దాచుకొనుట యనియు, ధ్వని గుర్తుపై నొక్కి టీవీ పేరు నెన్నుకొనిన దీరుననియు నవ్యులు. మా యనుభవము నవ్యమతమునే బలపఱచుచున్నది: తెరపై నాదస్వర విద్వాంసుడు బుగ్గలు పూరించి తలయూచుచుండగా, ఆయన యానందభైరవి చాపమీది లాప్‌టాప్ నుండి దోమపాటవలె వినవచ్చెను. కోటలో పర్యాటక శాఖవారి శబ్దకాంతి ప్రదర్శనమున రాతిగోడలు సైతము కథ చెప్పినవి గదా యని కవి వేదన.

లుప్తపాఠము. బొమ్మయు ధ్వనియు కుదిరిన పిమ్మట, చెదలు తినిన తాటాకువలె తెర నాలుగంచులును కోతపడి కానవచ్చెను. గొట్టపు టీవీల కాలమున అంచుల వంకరలు కనబడకుండుటకై బొమ్మను కొంత పెంచి చూపెడి యాచారము, ఓవర్‌స్కాన్ అను పేర, నేటి పలుచని టీవీలకును వారసత్వముగా సంక్రమించినది. 'జస్ట్ స్కాన్', 'స్క్రీన్ ఫిట్' ఇత్యాది నామములుగల యేర్పాటు నెన్నుకొన్నచో 1920 నిలువు వరుసలును 1080 అడ్డు వరుసలును గల చిత్రము పూర్ణముగా నిలుచును. పెండ్లిపందిటి కొసన తాంబూలపు పళ్ళెము పట్టుకొన్న వృద్ధునకు అంతదనుక నొక్క చేయియే యుండెను. ఏర్పాటు మార్చినంతనే తలయు, తలపాగయు, సగము తెఱచిన నోరును లభించెను. వ్యాఖ్యాతలకు నిలువ చోటు ఎన్నడును అంచుననే గదా! ఆ వృద్ధుడు ఈ టీకాకర్తయే.