పెరటి నడక

మా పక్కింటి పిన్నిగారికి గుండె పంపింగ్ 30 శాతానికి పడిపోయిందన్నారు. మందులకి కాళ్ల వాపు దిగి ఆవిడ భీమవరంలో ఇంటికి చేరేసరికే, డల్లాస్‌లో ఉన్న వాళ్లబ్బాయి హాల్లో దివాన్ వేయించి, ఎదురుగోడకి కెమెరా బిగింపించాడు. ఆవిడ లేచి నాలుగడుగులు వేస్తే చాలు, ఫోను మోగేది. "ఎందుకమ్మా లేచావ్? పనమ్మాయి లేదా?" అమ్మంటే ప్రాణం వాడికి. వాచీలో పదివేల అడుగులు పూర్తికాందే తను మాత్రం నిద్రపోడు.

నెల తిరిగేసరికి పిన్నిగారు బాత్రూమ్ దాకా వెళ్లాలన్నా మధ్యలో తలుపు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

చెకప్‌కి నేనే తీసుకెళ్లాను. డాక్టరుగారు ఆరు నిమిషాలు వరండాలో నడవమంటే, మూడుసార్లు ఆగి గోడకి ఆనుకున్నారు.

"గుండె అప్పటిలాగే ఉందమ్మా. ఈ ఆయాసం కాళ్లు చిక్కిపోయి వచ్చింది," అన్నారాయన. "మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1927లో, తోటి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి, కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ని కనిపెట్టారు. కండరానికి అప్పటికప్పుడు శక్తి అందించేది అదే. గుండె బలహీనపడ్డవాళ్లకి కాస్త కదిలితేనే అది అడుగంటిపోతుంది. నడక అలవాటైతే అంత తొందరగా తరగదు. పంపింగ్ పెద్దగా పెరగకపోయినా మనిషి తేరుకుంటాడు."

ఆ రాత్రి వాళ్లబ్బాయితో మాట్లాడాను. మంచం చేసే చేటుని చూపించిన ఒక ప్రయోగం జరిగింది వాడుండే ఊళ్లోనే. 1966లో డల్లాస్‌లో ఆరోగ్యంగా ఉన్న ఇరవయ్యేళ్ల కుర్రాళ్లని ఐదుగురిని మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. శ్రమపడేటప్పుడు ఒళ్లు వాడుకోగల ఆక్సిజన్ పావువంతుకు పైగా పడిపోయింది. ముప్ఫయ్యేళ్ల తర్వాత వాళ్లనే పరీక్షిస్తే, అంత వయసు మీదపడ్డా ఆ మూడు వారాలు చేసినంత నష్టం జరగలేదు. గుండె వైఫల్యం ఉన్న 2,331 మందితో చేసి 2009లో ప్రకటించిన పరిశోధన సంగతీ చెప్పాను. వ్యాయామంతో ఓపిక పెరిగింది కొద్దిగానే, కానీ ప్రమాదం మాత్రం పెరగలేదు.

"అదంతా ఎవరికో అన్నయ్యా. మా అమ్మతో రిస్క్ వద్దు," అన్నాడు.

మర్నాటి నుంచి పిన్నిగారు పెరట్లో నడక మొదలుపెట్టారు. నూతి చప్టా నుంచి కొబ్బరిచెట్టు దాకా, మళ్లీ వెనక్కి. నడుస్తూ నాతో కబుర్లు చెప్పగలగాలి, మాట తెగిందంటే ఆగాలి. అది డాక్టరుగారు పెట్టిన షరతు. పొద్దున్నే బరువు చూసుకుని రాసుకునేవారు, ఒక్కసారిగా పెరిగితే కబురు చేయమన్నారని. దివాన్ ఖాళీగా కనిపించి కొడుకు ఫోన్ చేస్తే "స్నానానికెళ్లానురా" అనేవారు.

"రోజుకి రెండు స్నానాలేంటమ్మా?"

"ఉక్కపోత నాయనా."

మూడు నెలలకి మళ్లీ అదే వరండా. ఆరు నిమిషాలూ ఎక్కడా ఆగలేదు. ఎకోలో పంపింగ్ దాదాపు పాత అంకెలోనే ఉంది. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా పిన్నిగారు వీడియో కాల్ చేశారు. "ఒక్కచోట కూడా ఆగలేదురా!"

వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"చూశావా అమ్మా! మూడు నెలలు నిన్ను కదలనివ్వలేదు కాబట్టే కోలుకున్నావ్. ఇంకో ఆర్నెల్లు ఇలాగే పడుకో. అన్నట్టు, రేపు కుర్రాణ్ణి పంపిస్తున్నా. పెరట్లో కూడా కెమెరా పెట్టేస్తాడు."