తప్పు వచ్చాకే పాఠం మొదలుపెట్టండి

మార్కాపురం, గిద్దలూరు వైపు సైకాలజీ అనగానే గుర్తొచ్చేది టెట్. మొదటి పేపర్లో 150 మార్కులకు 30 శిశు వికాసానివే. పావ్‌లోవ్ కుక్క సంగతి తెలియని డీఎస్సీ అభ్యర్థి మా వైపు కనపడడు. దాంతో ఇంటర్‌లోనో ఓపెన్ స్కూల్లోనో సైకాలజీ తీసుకున్న పిల్లకి ఇంట్లో అక్క కూడా ఆ దారిలోనే చెబుతుంది: నిర్వచనం, శాస్త్రవేత్త, సంవత్సరం, నాలుగు ఆప్షన్లు. నా సలహాలు దీనికి పూర్తిగా ఎదురు. వినగానే తప్పనిపిస్తాయి, అయినా చేసి చూడండి.

పుస్తకం ఆఖర్న తెరవండి. ముందు పలక తీయండి. పలకల ఊరు మార్కాపురంలో దానికి కరువా! రంగు సుద్దలతో పన్నెండు మచ్చలు పెట్టి, వరసగా రంగులు చెప్పించి ఫోన్లో టైం చూడండి. తర్వాత వాటిని చెరిపి మాటలు రాయండి. ‘ఎరుపు’ అన్నది నీలం సుద్దతో, ‘పసుపు’ అన్నది ఎర్ర సుద్దతో. మాట చదవకూడదు, సుద్ద రంగే చెప్పాలి. టెన్త్‌లో ఫస్టొచ్చిన పిల్లకీ నాలుక తడబడుతుంది. చదువురాని అవ్వకి మాత్రం రెండుసార్లూ ఇంచుమించు ఒకే టైం పడుతుంది. చదవడం అలవాటైన కన్ను చదవకుండా ఉండలేదని పిల్ల తనంతట తాను అన్నాక, ఈ ప్రయోగం చేసిన స్ట్రూప్ పేరూ 1935 అన్న అంకే చెప్పండి.

ప్రయోగం చెడితే బాగుచేయకండి. అన్నిట్లోకీ నేను గట్టిగా పట్టుబట్టేది దీనికే. పదిహేను ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివి వినిపించండి: తర్లుపాడు, రాచర్ల, అర్ధవీడు, దోర్నాల... విన్నవాళ్లు గుర్తున్నవి రాయాలి. మొదటివీ చివరివీ గుర్తుంటాయి, నడిమివి జారిపోతాయి అంటుంది పుస్తకం. కానీ సరిగ్గా నడుమ కొమరోలు ఉండి, అమ్మ పుట్టిల్లు అదే అయితే, అమ్మ ముందు రాసేది కొమరోలే. అక్క వెంటనే ఆ పేరు తీసేసి జాబితా మార్చబోతుంది. మార్చనివ్వకండి. ఇదెందుకు జారిపోలేదని అడగండి. ఎబ్బింగ్‌హౌస్ 1885 నాటి పుస్తకంలో అర్థంలేని అక్షరాలనే ఎందుకు వాడాడో అప్పుడు పిల్లకి అందుతుంది: పేరుకి ఏ బంధమూ అంటుకుని ఉండకూడదని. ఇక జుప్, దేఫ్, కోజ్ అంటూ సొంత జాబితా తనే రాసుకుంటుంది. లెక్క కుదిరిన పదిసార్లకన్నా ఈ చెడిన ఒక్కసారి నేర్పేది ఎక్కువ.

పిల్లని మీరు పరీక్షించొద్దు, పిల్లే మిమ్మల్ని పరీక్షించాలి. చిన్న డబ్బాలో కందిపప్పు, పెద్ద డబ్బాలో బొరుగులూ నాలుగు రాళ్లూ పోసి, కిరాణా కొట్టు కాటా మీద రెండూ సమానం చేయించి తెమ్మనండి. నాన్న రెండూ ఎత్తి చిన్నదే బరువంటాడు. కాటా చూపించినా ఆయన చెయ్యి ఒప్పుకోదు. షార్పెంటియే 1891లో రాసింది ఈ భ్రమ గురించే. పెద్దవాళ్లు పిల్లల ముందు తప్పు చెప్పడం ఈ చదువులో అవసరం, ముఖం చిన్నబుచ్చుకోకండి. ప్రయోగం అయ్యాక ఏం చేసిందో, ఎందుకు చేసిందో పిల్ల అందరికీ చెప్పాలి.

ఒకటి మాత్రం వద్దే వద్దు. 1920లో వాట్సన్, రేనర్ ఒక పసివాణ్ని పెద్ద చప్పుడుతో బెదరగొట్టి, తెల్ల ఎలుకంటే భయపడేలా చేశారు. బిట్‌గా అది ఒక మార్కు. ఇంట్లో పసిబిడ్డ మీద అలాంటిదేదీ చేయనివ్వకండి. అలాగే, పక్కింటి పిన్నికి ఫలానా జబ్బని పేరు పెట్టనివ్వకండి. మనిషి నిజంగా కుంగిపోతే టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయాలని నేర్పండి.

ఇక పుస్తకం. ఒకసారి చదవగానే లాక్కోండి. మళ్లీమళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత ముందుంటారు. మూసి రాసుకున్నవాళ్లు వారం తర్వాత ముందుంటారు. 2006లో రోడిగర్, కార్పికే చూపించింది ఇదే. కాబట్టి ఆ పూటే తెల్లకాగితం ఇచ్చి గుర్తున్నది రాయించండి. సగం తప్పులున్నా అక్కని బిట్లు అడగనివ్వకండి. వచ్చే ఆదివారం ఇంకో తెల్లకాగితం ఇచ్చి మళ్లీ రాయించండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఏది నిలిచిందో ఏది పోయిందో పిల్లనే లెక్క తీయమనండి.