పిల్లాడి పేరు మీద రేస్ ట్రాక్

ఇంట్లో స్లాట్ కార్ల ట్రాక్ పెట్టాలనుకునేవాళ్ళు ముందుగా సంపాదించుకోవలసింది ట్రాక్ కాదు, ఒక పిల్లాడు. ఆరేడేళ్ళవాడైతే మేలు. సొంతవాడు లేకపోతే మేనల్లుడైనా పనికొస్తాడు. ‘వాడు ఎప్పట్నుంచో అడుగుతున్నాడు’ అన్న మాట అనకుండా అమెరికాలో ఏ తెలుగువాడి బేస్‌మెంట్‌లోకీ ఈ పెట్టె దిగదు. వాడు అడిగింది ఐప్యాడ్ కదా అని ఎవరైనా గుర్తుచేస్తే, పిల్లలకు స్క్రీన్ మంచిది కాదని ఒక ఉపన్యాసం సిద్ధంగా ఉంచుకోండి.

తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. ప్లాస్టిక్ ట్రాక్ మీద ఒక్కో కారుకు ఒక్కో లేను, దాని మధ్యలో సన్నటి గాడి ఉంటుంది. దానికి అటూ ఇటూ రెండు లోహపు పట్టాలు. కారు ముందు భాగంలో, కింద, గైడ్ అనే చిన్న రెక్క ఉంటుంది. అది గాడిలో దిగుతుంది. దాని రెండు పక్కలా రాగి తీగెలతో అల్లిన బ్రెయిడ్లు పట్టాలను రాసుకుంటూ మోటారుకు కరెంటు అందిస్తాయి. స్టీరింగ్ లేదు, గేర్లు మార్చేది లేదు. చేతిలో ఒక ట్రిగ్గర్. నొక్కితే పోతుంది, వదిలితే ఆగుతుంది. మలుపులో కక్కుర్తిపడి నొక్కితే గాడి తప్పి సోఫా కిందికి పోతుంది. ఆట మొత్తం ఇంతే. ఇంత ఆటకు అంత చాకిరీ ఎలా పుట్టించుకోవాలన్నదే కింద చెప్పబోయే విద్య.

క్రెడిట్ కార్డు బిల్లు వచ్చిన రోజు చరిత్ర ఎత్తుకోండి. ఇంగ్లండులో మినీమోడల్స్ కంపెనీ నడిపిన ఫ్రెడ్ ఫ్రాన్సిస్ మొదట స్ప్రింగు బలంతో పరిగెత్తే రేకు కార్లను స్కేలెక్స్ పేరుతో అమ్మాడనీ, వాటికి ఎలక్ట్రిక్ మోటారు బిగించి 1957లో హారోగేట్ బొమ్మల ప్రదర్శనలో స్కేలెక్‌స్ట్రిక్ అని బయటపెట్టాడనీ చెప్పండి. అంతకు చాలా ముందు, 1912లోనే, బొమ్మ రైళ్ళకు పేరుపడ్డ అమెరికా కంపెనీ లయనెల్ గాడిలో నడిచే ఎలక్ట్రిక్ కార్లు అమ్మిందని కలపండి. అప్పటికీ భార్య ముఖం మారకపోతే ఆఖరి అస్త్రం వదలండి. 2009లో జేమ్స్ మే అనే టీవీ వ్యాఖ్యాత ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ పాత రేస్ ట్రాక్ దారి పట్టుకుని సుమారు 4.75 కిలోమీటర్ల స్కేలెక్‌స్ట్రిక్ వేయించాడు, దాని ముందు మనదెంత అనండి. “ఆయన అది వాళ్ళింట్లో వేశాడా?” అని అడిగితే మాత్రం వాదన పెంచుకోకుండా డిష్‌వాషర్ ఖాళీ చేయడానికి లేవండి.

స్థలం బేస్‌మెంటే. అక్కడ ఇప్పటికే ఉన్న సోనా మసూరి బస్తాలు, ఇండియా ప్రయాణపు సూట్‌కేసులు, బతుకమ్మకో బొమ్మలకొలువుకో తప్ప పైకి రాని అట్టపెట్టెలు ఒక మూలకు జరిగిపోతాయి. ట్రాక్‌ను బల్ల మీద పెట్టే పొరపాటు చేయకండి. బల్ల మీదైతే దుమ్ము తక్కువ పడుతుంది, నడుము పట్టెయ్యదు, చీకట్లో లాండ్రీకి వచ్చినవాళ్ళు తొక్కరు. ఇన్ని సుఖాలుంటే దాన్ని హాబీ అని ఎవరంటారు? కార్పెట్ మీద పరచండి. అతుకుల దగ్గర ముక్కలు ఎగుడుదిగుడుగా లేస్తాయి, కార్పెట్ నూగు కార్లలోకి చేరుతుంది, అసలు సరదా అక్కడ మొదలవుతుంది.

కారు మూలుగుతూ కదులుతోందా? తిరగేసి చూడండి. వెనక ఇరుసు మీద, పళ్ళ చక్రం పక్కన, నల్లటి దారం బిగుతుగా చుట్టుకుని కనిపిస్తుంది. అది దారం కాదు, తలవెంట్రుక. ట్వీజర్‌తో కొస పట్టి లాగితే సగంలో తెగుతుంది. మిగతా సగం ఇరుసు తిరిగే బుష్ లోపలికి దూరి కూర్చుంటుంది. ఇక సూది తీసుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఊపిరి బిగబట్టి ఒక్కో చుట్టే విప్పుకుంటూ రావాలి. ఈ పని చేస్తున్నప్పుడు మీ ముఖంలో కనిపించే ఏకాగ్రత పిల్లాడి హోమ్‌వర్క్ దగ్గర ఏనాడూ కనిపించలేదని ఎవరో ఒకరు అంటారు. వినిపించుకోకండి. వెంట్రుక మొత్తం బయటికొచ్చాక దీపం వెలుగులో ఎత్తి పట్టుకుని, “ఇది నీదా, మీ అమ్మగారిదా?” అని అడగండి. గోరింటాకు రంగుంటే అత్తగారిదేనని మీకూ తెలుసు. అయినా అడగండి. ట్రాక్ ఇంకెన్నాళ్ళు ఆ బేస్‌మెంట్‌లో ఉంటుందో ఆ క్షణమే తేలిపోతుంది.

నూనె విషయంలో పిసినారితనం పనికిరాదు. తెలిసినవాళ్ళు కుట్టుమిషన్ నూనెలాంటి పల్చటి నూనెను సూది మొనకు అంటించి బుష్‌కొక చుక్క చొప్పున వేస్తారు. వాళ్ళకు చెయ్యి రాదనుకోండి. మీరు ధారగా పోయండి. ఎక్కువైన నూనె ఇరుసు వెంట పాకి వెనక టైర్లకు చేరుతుంది, టైర్ల నుంచి ట్రాక్ మీదికి, ట్రాక్ మీంచి పక్కవాడి టైర్లకు. ఒక్క సీసాతో పందెం మొత్తాన్ని మంచు మీద నడిపించవచ్చు. కుట్టుమిషన్ నూనె ఇంట్లో లేకపోతే పూజగదిలోంచి కొబ్బరినూనె తెచ్చుకోండి. అది దాదాపు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది. న్యూజెర్సీలో జనవరి నెల బేస్‌మెంట్ ఎంత చల్లగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. నాలుగు రోజుల తర్వాత ఇరుసు చుట్టూ తెల్లటి వెన్న పేరుకుని కారు కదలనంటే, చైనా మోటార్లు ఇంతేనని తీర్పు చెప్పండి.

కారు ట్రాక్ మీద ఎక్కడైనా ఆగిపోతే వెంటనే మోటారు విప్పండి. ఇది చాలా ముఖ్యం. ఎందుకంటే విప్పకుండా ఆలోచిస్తే జబ్బు రెండు నిమిషాల్లో దొరికిపోయే ప్రమాదముంది. కారు ఏదైనా సరే, ఎప్పుడూ ఒకేచోట ఆగుతుంటే తప్పు ట్రాక్‌ది. అక్కడ అతుకు వదులైంది, లేదా పట్టా మీద మురికి పట్టింది. ఒకే కారు అన్నిచోట్లా ఆగుతుంటే తప్పు ఆ కారుది, తొంభై పాళ్ళు దాని బ్రెయిడ్లది. అవి నూగు పట్టి, నలిగి, పట్టాలకు తగలకుండా పైకి ముడుచుకుని ఉంటాయి. వేలితో దువ్వి, కొసలు విప్పార్చి, కొంచెం కిందికి వంచితే మళ్ళీ పరుగెత్తుతుంది. పవర్ అడాప్టర్‌కు దూరంగా ఉన్న మూలలో కార్లన్నీ నీరసించిపోతుంటే అతుకు అతుకుకీ కాస్త కాస్త వోల్టేజి పడిపోతోందన్నమాట. అడాప్టర్ దగ్గర్నుంచి ఆ మూలకు విడిగా రెండు తీగలు లాగి పట్టాలకు కలిపితే సరిపోతుంది. ఇవన్నీ చవకబారు పరిష్కారాలు. కొత్త మోటారు, కొత్త అడాప్టర్, వీలైతే ఇంకో సెట్టు ఆర్డర్ చేయడం పెద్దమనిషి లక్షణం.

వేసవిలో బేస్‌మెంట్ చెమ్మకు డీహ్యూమిడిఫైయర్ పెట్టడం డబ్బు దండగ. ఉక్కు పట్టాలకు తుప్పు పడితేనే గదా మీరు గరుకు కాగితం తీసి రుద్దే భాగ్యం కలిగేది. రబ్బింగ్ ఆల్కహాల్ అంటించిన మెత్తటి గుడ్డతో తుడిస్తే పట్టాలు ఏళ్ళ తరబడి నునుపుగా ఉంటాయి. గరుకు కాగితం పెడితే గీతలు పడి, ఆ గీతల్లో మురికి చేరి, మీకు శాశ్వత ఉపాధి దొరుకుతుంది.

సెట్టు ఇండియా తీసుకెళ్ళి బంధువుల పిల్లల ముందు ప్రదర్శించాలనుకుంటే అడాప్టర్ వెనక చిన్న అక్షరాలు చదవకండి. 120 వోల్టులకే తయారైనదాన్ని హైదరాబాద్‌లో 230 వోల్టుల ప్లగ్గులో పెడితే ప్రదర్శన క్షణంలో ముగుస్తుంది, వాసన మాత్రం భోజనాల దాకా ఉంటుంది.

ఇక మాగ్నెట్లు. చాలా కార్ల పొట్ట కింద చిన్న అయస్కాంతం ఉంటుంది. ఉక్కు పట్టాలను అది పట్టుకుని మలుపులో కారును కిందికి అదుముతుంది. దాంతో తృప్తిపడకుండా ఇంకా బలమైనవి కొని అంటించండి. కారు ట్రాక్‌కు బల్లిలా కరుచుకుంటుంది, మోటారు వేడెక్కుతుంది, ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి పెట్టి టీ తాగుతూ కూర్చున్నా పడదు. అప్పుడిక ఆడేవాడి అవసరం కూడా ఉండదు. ఉత్సాహం ఆగక ఎండీఎఫ్ చెక్కలో గాడి తొలిచి రాగి టేపు అంటించి సొంత ట్రాక్ చేసుకున్నవాళ్ళు కూడా ఖరీదైన మాగ్నెట్లే కొనండి. రాగిని అయస్కాంతం పట్టుకోదని ఎనిమిదో తరగతి పిల్లాడు చెబితే, పెద్దల మధ్యలో మాట్లాడొద్దని కసరండి. నా మటుకు నాకు మాగ్నెట్ పీకేసిన కారే కారు. మలుపులో తోక విసురుతుంది, వేలికి పని చెబుతుంది, నెమ్మదిగా పోయినా పందెంలా ఉంటుంది. ఈ మాట మా స్నేహితుల్లో ఎవరూ ఒప్పుకోరు. వాళ్ళకు వేగం కావాలి. సెకనుకు నాలుగు మీటర్లు పోయే కారును 1:32 స్కేలు లెక్కన హెచ్చవేసి, గంటకు 460 కిలోమీటర్లు అని చెప్పుకుంటారు. గోడను గుద్దుకున్నప్పుడు మాత్రం ఆ లెక్క వేయరు.

వారాంతంలో నాలుగు కుటుంబాలు భోజనానికి వచ్చాయనుకోండి. బిర్యానీ అరిగేలోపు మగవాళ్ళను కిందికి దింపండి. ఇప్పుడు లేను పంచడమనే రాజనీతి. రెండు గాడుల మధ్య దూరం సుమారు ఎనిమిది సెంటీమీటర్లు. గుండ్రంగా తిరిగొచ్చే ట్రాక్ ఏ ఆకారంలో ఉన్నా, ఒక చుట్టు పూర్తయ్యేసరికి బయటి గాడి లోపలిదానికంటే దాదాపు అర మీటరు పొడవవుతుంది. ఎనిమిది అంకె ఆకారంలో వేస్తే రెండూ సమానం. అందుకే ఎనిమిది అంకె వేయకండి. క్లబ్బుల్లో ప్రతివాడూ ప్రతి లేనులోనూ నడిపి మొత్తం చుట్లు కూడుకుంటారు. ఇంట్లో అంత న్యాయం అజీర్తి చేస్తుంది. కొత్తగా వచ్చినవాడికి, “అతిథులు కదా, దగ్గరి దారి మీకే” అని లోపలి లేను ఇవ్వండి. అతను పొంగిపోతాడు. లోపలి మలుపు ఇరుకు. చెయ్యి తిరగనివాడు చుట్టుకొకసారి గాడి తప్పడం ఖాయం. మీరు బయటి లేనులో, విశాలమైన మలుపుల్లో, అర మీటరు త్యాగం చేసిన మర్యాదస్తుడి ముఖంతో గెలవండి.

గాడి తప్పిన కార్లను ఏరి పెట్టడానికి ఒక మార్షల్ కావాలి. ఆరు నెలలు ఉండిపోవడానికి వచ్చిన మామగారిని మించినవాళ్ళు దొరకరు. ఉదయం వాకింగ్ అయ్యాక ఆయనకు వేరే పనేమీ లేదు, వద్దనడానికి మొహమాటం. మలుపు దగ్గర పీట వేసి కూర్చోబెట్టండి. ఆయన కారును గాడిలో సర్దుతున్నప్పుడు మీరు ట్రిగ్గర్ వదలకండి. “అల్లుడుగారూ, ఇది కరుస్తోందండీ” అంటారు. “అదే స్పీడు మామయ్యగారూ” అనండి. అసలు ఘట్టం ఉంగరాలది. కుడిచేతి వెండి పగడం ఉంగరం రెండు పట్టాల మీదా ఒక్కసారి ఆనిందంటే షార్ట్ అయి, అడాప్టర్ తనను తాను కట్టేసుకుని, రెండు కార్లూ అక్కడికక్కడే ఆగిపోతాయి. పదిహేను వోల్టులు మనిషిని ఏమీ చేయవు గానీ వెండి మాత్రం చురుక్కుమంటుంది. ఉంగరం తీయమని మీరు అడగలేరు, అది కుజదోషానికి పెట్టుకున్నది. ఆయన తీయరు. ఆ మలుపులో ఎవరు ముందున్నారనే తగాదా డెజర్టు దాకా సాగుతుంది. ఇదంతా భరించలేమనుకుంటే డిజిటల్ సెట్టు కొనండి. ఒకే గాడిలో నాలుగైదు కార్లు నడుస్తాయి, మీట నొక్కితే లేను మారతాయి, తగాదాలు కూడా ఆ లెక్కనే పెరుగుతాయి.

ఇంతకీ పిల్లాడు? వాడికి కంట్రోలర్ ఇచ్చేముందు చేతులు కడుక్కున్నావా, చిప్స్ తిన్నావా, మలుపు ముందు వదలాలని చెప్పానా లేదా అని వరసగా అడగండి. వాడికి గెలవాలని లేదు. కారు ఎంత దూరం ఎగురుతుందో చూడాలని ఉంది. నేరుగా ఉన్న దారిలో చివరిదాకా నొక్కి, మలుపులో కారు గాల్లోకి లేచి బియ్యం బస్తాకు తగిలితే వాడు వేసే కేక ఇంటి మూడంతస్తులకూ వినపడుతుంది. వెంటనే ఆపేయండి. కొన్నాళ్ళకు వాడే పైకి వెళ్ళిపోయి ఐప్యాడ్ చూసుకుంటాడు. ట్రాక్ భద్రంగా ఉంటుంది.

మా ఇల్లు న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనే. శనివారం సాయంత్రం రండి, ఉంగరాలు తీసి రండి. లోపలి లేను మీకే ఇస్తాను.