లినక్సు క్రీడాపద్యం: టీకా తాత్పర్యం

ఆ.వె.
ఆట కొరకు వచ్చి హాయిగా కూర్చుంటి
షేడరులను వండ సేపు గడిచె
వైను కలిపి నడుప వల్కను ముడివిప్పె
పనికి వేళ దాటె బ్రౌజరందు

ప్రతిపదార్థం: ఆట కొరకు = విండోసు కోసం పుట్టిన ఆటను లినక్సుపై ఆడుటకు; హాయిగా = (ఇది కవి భ్రమ); షేడరులను = తెరమీది వెలుగునీడలను లెక్కగట్టు చిట్టి ప్రోగ్రాములను; వండ = ఇంటి గ్రాఫిక్స్ కార్డుకు తగినట్లు స్టీమను ఆటల అంగడి కంపైలు చేయుచుండగా; సేపు = ఎంతసేపో కవి చెప్పలేదు, శాతం కదిలితే గదా; బ్రౌజరందు = ఉద్యోగమంతయు కాపురమున్న చోట.

టీక: వైను 1993లో మొదలైన సాఫ్ట్‌వేరు. తాను ఎమ్యులేటరును కానని పేరులోనే ప్రమాణం చేసుకుంది. ఆట విండోసును ఏది అడిగినా లినక్సు తరఫున తానే బదులిస్తుంది. విండోసు వారి డైరెక్ట్ త్రీడీ గ్రాఫిక్స్ పిలుపులను లినక్సుకు తెలిసిన వల్కను భాషలోకి మార్చే డీఎక్స్‌వీకే వంటివి దానికి చేర్చి, స్టీము యజమాని వాల్వ్ 2018లో ప్రోటాన్‌గా విడుదల చేసింది. పూర్వం లినక్సు రసికుడు ఒక్క ఆట కోసం వారాంతమంతా డీఎల్ఎల్‌లు వెతికేవాడు. 2022 నాటి స్టీమ్ డెక్ పట్టినవాడు తన చేతిలోది ఆర్చ్ లినక్సు సంతతి అని ఎరుగకనే ఆడుకోగలడు. పాతకాపులకు ఇది కొంత అవమానంగానే ఉంది.

అన్ని ఆటలకూ ముడి విప్పునా అని ఆక్షేపం. విప్పదు. వాలరెంట్ వలె కెర్నెల్‌లోనే కావలివాణ్ణి కూర్చోబెట్టే ఆట లినక్సు గడప తొక్కదు. కవి తన ఆట పేరు దాచింది ఇందుకే కాబోలు.

ఇక “బ్రౌజరందు”. ఒకప్పుడు జనాన్ని లినక్సుకు రానీయనిది ఆఫీసు పని. నేడు మెయిలు, స్ప్రెడ్‌షీటు, మీటింగు, ఫిగ్మా, అన్నీ ట్యాబులే. కింద ఏ ఆపరేటింగ్ సిస్టం ఉన్నా వాటికి పట్టదు. ట్యాబు చాలదన్నవారికి వెబ్ పేజీనే విడి యాప్‌గా కట్టిచ్చే ఎలక్ట్రాన్ ఉంది: స్లాక్, డిస్కార్డ్, వీఎస్ కోడ్ ఒక్కొక్కటీ తనవెంట ఒక క్రోమియం బ్రౌజరును తెస్తుంది, పెళ్లికొచ్చిన చుట్టాలు ఎవరి పొయ్యి వారు మోసుకొచ్చినట్టు. ఆటను పిలుపు పిలుపునా అనువదించడానికి అంత శ్రమపడ్డ లోకం, నాలుగు మాటల చాట్ కిటికీకి బ్రౌజరునంతా ఎత్తి ఇచ్చిందంటే ర్యామ్ ఏడవదా?

తాత్పర్యం: ఆటకు కూర్చున్నవాడు, షేడర్లు ఉడికేలోపు ఒక్క మెయిలు చూద్దామని బ్రౌజరు తెరిచాడు. కాన్ఫిగ్ ఫైలులో ఒక్క లైను మారిస్తే పని రెట్టింపు వేగంతో సాగునని అక్కడ చదివాడు. మార్చాడు. ఆ లైను మరో మూడింటిని అడిగింది. తెల్లవారేసరికి ఆటా ఆడలేదు, మెయిలూ పంపలేదు. కీబోర్డు షార్ట్‌కట్లు మాత్రం దివ్యంగా కుదిరాయి. షేడర్ల వంట ఆగేదాకా కూర్చోక “స్కిప్” నొక్కవచ్చు గదా అంటే, నొక్కవచ్చు. అప్పుడు కొత్త దృశ్యం వచ్చినప్పుడల్లా వంట అప్పటికప్పుడు సాగి ఆట తడబడుతుంది. మా కవి తడబాటు సహించడు.

పాఠాంతరం: కొందరు నాలుగో పాదాన “దాటె”కు బదులు “దక్కె” అని చదువుతారు. గణాలు సరిపోతాయి, యతి చెడదు. అర్థం అసంభవం కనుక పరిత్యాజ్యం.