రుమాలు వేసిన సీటు

మా అనకాపల్లి నుంచి విశాఖపట్నానికి పట్టాల లెక్కన సుమారు 33 కిలోమీటర్లు. రోడ్డు లెక్క మాత్రం కిలోమీటర్లలో చెప్పడం కుదరదు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే ముప్పావుగంట. అదే ఎనిమిదిన్నరకైతే లంకెలపాలెంలో ఒక కునుకు, కూర్మన్నపాలెంలో అరడజను ఎఫ్ఎం పాటలు, గాజువాకలో ఆత్మపరిశీలన, ఎన్ఏడీ దగ్గర సంపూర్ణ వైరాగ్యం.

అయినా నేను కారులోనే వెళ్తాను. కొన్నాను కదా మరి! నెలనెలా వాయిదా కడుతూ కారుని ఇంట్లో పెట్టి రైలెక్కితే, ఆ వాయిదా ఎవరి సుఖానికి కడుతున్నట్టు?

మా అక్క మొగుడు మాత్రం పాసింజరు మనిషి. చొక్కా జేబులో సీజను పాసు, చేతిలో టిఫిన్ డబ్బా, భుజం మీద రుమాలు. ఆ రుమాలు మొహం తుడుచుకోవడానికి కాదు. బండి ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీదకి విసరడానికి. దాని విలువ స్టాంపు కాయితానికి కూడా ఉండదు. ఎవరైనా వచ్చి కూర్చోబోతే "రుమాలేసుంది బాబూ" అంటే చాలు, కోర్టూ కచేరీ లేకుండా తప్పుకుంటారు. హైవే మీద నేను దుప్పటి పరిచినా ఒక్క ఆటో పక్కకి జరగదు.

బావ తన ఆఫీసులో టీ తాగుతూ నాకు ఫోన్ చేస్తాడు.

"ఏట్రా, ఎక్కడున్నావు?"

"గాజువాక."

"పాతదా, కొత్తదా?"

"పాతది."

"నిన్నా అక్కడే కదేట్రా ఉన్నావు! రాత్రి ఇంటికెళ్ళినావా లేదా?"

బావ దగ్గర దీనికో సిద్ధాంతం ఉంది. తప్పంతా కొండలదీ సముద్రానిదీనట. ఒక పక్క సింహాచలం కొండలు, ఒక పక్క సముద్రం. మధ్యన మిగిలిన చోటుని హార్బరు, నేవీ, ఎయిర్‌పోర్టు, స్టీల్ ప్లాంటు పంచేసుకున్నాయి. ఇంక రోడ్డు ఎక్కడికని వెడల్పవుతుంది? ఫ్లైఓవరు కడితే ట్రాఫిక్కు తరవాతి జంక్షన్లో దిగి నిలబడుతుంది.

రైలుకీ ఆ ఇరుకు తప్పలేదు. విశాఖ స్టేషను మెయిన్ లైను నుంచి ఊళ్ళోకి పొడుచుకొచ్చిన సందులో ఉంటుంది. విజయవాడ వైపు నుంచి వచ్చి హౌరా వైపు పోవలసిన బండి స్టేషన్లోకి వచ్చిందంటే, ఇంజను రెండో చివరకి మార్చుకుని కొంత దూరం వచ్చిన దారినే పోవాలి. దర్జాగా ముందుకి చూస్తూ వచ్చినవాళ్ళు అక్కణ్ణుంచి వెనక్కి చూస్తూ పోతారు. ఈ మర్యాదలన్నీ జరిగేదాకా ప్లాట్‌ఫారం ఖాళీ కాదు. అందాకా వెనకొచ్చే పాసింజరు, జమీందారు కారు పోయేదాకా ఆగిన ఎడ్లబండిలా, బయటే నిలబడుతుంది.

"మరి అలా నిలబడితే నీకు కోపం రాదా బావా?" అని అడిగాను.

"నువ్వు స్టీరింగు పట్టుకుని నిలబడతావు. నేను వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ నిలబడతాను. ఇద్దరం ఒకటేనేట్రా?"

ఒక ఆదివారం బావ పాత కేలండరు వెనక లెక్క కట్టాడు. జనరల్ బోగీకి 90 సీట్లు. పది బోగీలకి 900 మంది. నిలబడ్డవాళ్ళూ మూటల మీద కూర్చున్నవాళ్ళూ దీనికి అదనం. ఆ 900 మందీ నాలాగా కారుకొక్కడు చొప్పున బయల్దేరితే, కారుకి ఐదు మీటర్లు వేసుకుని బంపరుకి బంపరు ఆనించినా నాలుగున్నర కిలోమీటర్ల వరస. "ఒక్క పాసింజరుని నువ్వు రోడ్డు మీద పరిచేత్తున్నావురా" అన్నాడు.

టికెట్టు సంగతీ ఎత్తాడు. కరోనా తరవాత పాసింజర్లకి ఎక్స్‌ప్రెస్ అని పేరుపెట్టి, కనీస టికెట్టు 10 నుంచి 30 చేశారు. పేరు మారిన సంగతి ఇంజనుకి ఎవరూ చెప్పినట్టు లేదు, నడక మారలేదు. 2024 ఫిబ్రవరిలో మళ్ళీ 10కి దించారు. పది రూపాయలకి మా కారు హారన్ కొట్టడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు.

"హైదరాబాదులో 2003లో ఎంఎంటీఎస్ వేసింది చాలామటుకు ఉన్న పట్టాల మీదే కదా. మనకి మాత్రం లేవా? ఇటు అనకాపల్లి, దువ్వాడ, అటు పెందుర్తి, కొత్తవలస, విజయనగరం. ఆఫీసు వేళకి ఇంకో నాలుగు బళ్ళు, దిగిన చోట ఓ సిటీ బస్సు. అంతే. మెట్రో వచ్చినప్పుడు దాన్నీ ఎక్కుదాం, ఇదేం అసూయపడదు" అన్నాడు.

లెక్కకి లొంగిపోయాను. సోమవారం పాసింజరుకే వస్తానని మాటిచ్చాను. సీటు పూచీ బావది.

స్టేషనుకి బయల్దేరాను. కార్లోనే, ఇంకెలా? మా పేట దాటగానే రైల్వే గేటు పడింది. సైకిళ్ళూ స్కూటర్లూ గేటు కింద నడుం వంచి దూరిపోతున్నాయి. కారుకి నడుం లేదు. ఇంతలో పాసింజరు వచ్చింది, స్టేషను విడిచిపెట్టి, నెమ్మదిగా, నిండుగా. కిటికీలో బావ. పక్క సీట్లో నీలం గళ్ళ రుమాలు.

ఫోన్ మోగింది.

"ఏట్రా, ఎక్కడున్నావు?"

"నీ బండి కోసం వేసిన గేటు దగ్గర."

గేటు లేచింది. ఇటువైపు వాళ్ళం రోడ్డు నిండా అడ్డంగా నిలబడి ఉన్నాం. అటువైపు వాళ్ళూ అంతే. ఎవరికీ పట్టాలు దాటే దారి లేదు. జేబులోంచి రుమాలు తీశాను. వేయడానికి సీటు లేదు కనక మొహం తుడుచుకున్నాను.