దాతులీ ఆత్మకథ

నా పిడి బాంజ్ కర్ర. నన్ను ఎర్రగా కాల్చిన కొలిమిలో మండిందీ బాంజ్ బొగ్గే. పుట్టినప్పటి నుంచి నేను కోస్తున్నవీ బాంజ్ కొమ్మలే. నేను దాతులీని, కుమావూఁ కొండల కొడవలిని. ఉత్తరాఖండ్‌లో, అల్మోరా దగ్గర బిన్సర్ అడవికి దిగువన ఉన్న ఒక ఊరు మాది. బాంజ్ అంటే మా ఓక్ చెట్టు. 1500 మీటర్ల ఎత్తు దాటాక కొండంతా దానిదే.

దూరం నుంచి చూసేవాళ్లకు అడవి అంతా ఒకటే పచ్చదనం. నాకు మాత్రం ఒక్కో చెట్టుదీ ఒక్కో కథ. బాంజ్ ఆకు పైన నిగనిగలాడుతుంది, అడుగున తెల్లటి నూగు. ఫిబ్రవరి మొదలు బురాంశ్ ఎర్రగా విచ్చుకుంటుంది. ఆ పూలు షర్బత్‌కు చేతితో కోసుకుంటారు, నా అవసరం లేదు. అయార్ చెట్టు వైపు మా ఆమా, అంటే ఇంటి ముసలమ్మ, నన్ను పోనివ్వదు. దాని లేతాకు పశువుకు విషం. వాగుల వెంట మేపుల్ ఉంటుంది. మేపుల్ ఆకు అరచేతిలా చీలి ఉండాలనుకునేవాళ్లు దీన్ని గుర్తుపట్టలేరు: ఆకు నిడుపుగా, చీలిక లేకుండా ఉంటుంది. జంటరెక్కల గింజ చూస్తేనే తెలుస్తుంది.

కానీ ఈ అడవిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి నేను కోయనివే. బాంజ్ మాను మీద నాచు, నాచులో వేళ్లూనిన ఫెర్న్‌లు, ఆ పైన ఆర్కిడ్‌లు. ఎండాకాలంలో ఫెర్న్ ముడుచుకుని గోధుమరంగుకు తిరుగుతుంది. చచ్చిపోయిందనుకుంటాం. వాన పడితే మళ్లీ పచ్చగా విప్పుకుంటుంది. కింద రాలిన ఆకు కుళ్లి మెత్తటి పొరలు పొరలుగా పేరుకుంటుంది. వాన నీరు ఉరుకులు పెట్టకుండా ఆ పొరల్లోకి ఇంకుతుంది. దిగువన రాతితో కట్టిన నౌలాలో, అంటే మా ఊటబావిలో, మండువేసవిలోనూ చల్లటి నీళ్లు ఊరుతున్నాయంటే, ఆ కుళ్లిన ఆకు చలవే.

బాంజ్ విలువ ఈ కొండల జనానికి ఎప్పుడో తెలుసు. 1921లో వాళ్లు తెల్లదొరల అటవీ చట్టాల మీద తిరగబడి చీర్ పైన్ అడవులకు నిప్పుపెట్టారు. దొరలకు కలపా, బంకా ఇచ్చేది ఆ చెట్టే. పశువుకు మేత, పొలానికి ఎరువు ఇచ్చే బాంజ్ అడవుల జోలికి మాత్రం పోలేదు. 1931లో వన పంచాయితీల నియమాలు వచ్చాయి. ఏ వాలు ఎప్పుడు కోయాలో ఊరే తేల్చుకునే పద్ధతి అది.

కోతకూ ఒక లెక్క ఉంది. చలికాలంలో పచ్చగడ్డి దొరకనప్పుడు ఆమా నన్ను నడుముకు దోపుకుని చెట్టెక్కుతుంది. “కొస కొమ్మ వదిలెయ్యవే, కాయ పట్టాలి” అని మనవరాలికి కేక వేస్తుంది. ఏటా మోడు చేస్తే బాంజ్ కాయదు. కాయ రాలకపోతే మొలక లేదు. ఖాళీ పడిన చోటికి పైన్ దిగివస్తుంది. దాని ఎండుసూదులు వేసవిలో ఇట్టే అంటుకుంటాయి.

ఈ చలికాలం ఎగువ వాలును పంచాయితీ మూసేసింది. అక్కడ బాంజ్ మొక్కలు మోకాలెత్తు వచ్చాయి. పశువు నోటికి అందనంత ఎదిగేదాకా ఏ ఇంటి దాతులీ అటు పోదు. నాకిప్పుడు పొలం గట్ల మీది ఎండుగడ్డి పని.