యువజన నిలయం పెట్టండి, యువజనుల బెడద లేకుండా నడపండి

తంబళ్లపల్లె, ములకలచెరువు చుట్టుపక్కల పల్లెల నుంచి డిగ్రీకో కోచింగుకో మదనపల్లె చేరే పిల్లలకు గది దొరకడం గగనం. వాళ్ల కష్టంలోనే మీ అదృష్టముంది. వీధిలో ఓ పాత ఇల్లు, ఓ బోర్డు, కాస్త తెగువ ఉంటే చాలు.

1. ఏడుగురిని ఇంట్లోనే వెతకండి. 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం నిలయం నడిపే సంఘంలో కనీసం ఏడుగురు సభ్యులుండాలంటుంది. బావమరిది, తోడల్లుడు, వదిన, వియ్యంకుడు... లెక్క ఇట్టే తేలిపోతుంది. మీటింగు పెళ్లిపందిట్లో పెట్టండి. తాంబూలం నమిలేవాళ్లు ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెడతారు. మినిట్స్ నాలుగేళ్లవి ఒకే రాత్రి రాసెయ్యండి. పెన్నులు మాత్రం మార్చండి, అధికారులకూ కళ్లుంటాయి కదా.

2. ముందు ఫ్లెక్సీ, తర్వాతే పునాది. అనిబిసెంట్ 1915లో మదనపల్లెలో కాలేజీ పెట్టించింది. 1919లో టాగూరు అక్కడికొచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చాడు. ఇంత జరిగినా ఒక్క ఫ్లెక్సీ లేదు! ఆ పొరపాటు మీరు చేయకండి. మీ ఫోటో నిలువెత్తు, నాయకుడిది అంతకన్నా బెత్తెడెక్కువ, పిల్లలవి కింద తమలపాకంత.

3. ఒక్క గదికే రంగు వేయించండి. మంచం జరిపి ఫోటో తీస్తే రెండో గది, దుప్పటి మారిస్తే మూడోది. అసలు గది మామగారికి.

4. మెనూ మార్కెట్టుకు వదిలేయండి. మదనపల్లెలో టమాటా ధర పడిపోయిన రోజు రైతులు రోడ్డు మీద పారబోస్తారు. సంచులు తీసుకెళ్లండి. పొద్దున టమాటా పచ్చడి, మధ్యాహ్నం టమాటా పప్పు, రాత్రి టమాటా చారు. ధర పెరిగిన వారం ఉపవాసం గొప్పదనం గురించి ఉపన్యాసం పెట్టించండి. సంగటి ముద్ద అడిగినవాణ్ణి క్రమశిక్షణ లేనివాడిగా రాసుకోండి.

5. నీళ్లు రాకపోతే హంద్రీ-నీవా ప్రాజెక్టును తిట్టండి. పుంగనూరు, కుప్పం కాలువల పేరెత్తితే చాలు, వినేవాళ్లంతా మీ వైపు తిరుగుతారు. మోటారు కాలి నెలయిన సంగతి ఎవరూ అడగరు.

6. అవసరమున్నవాణ్ణి చేర్చుకోవద్దు. ఇది ముఖ్యం, రెండుసార్లు చదవండి. ఆదరణ లేని 18 ఏళ్లలోపు పిల్లల్ని ఉంచుకోవాలంటే 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. లేకుంటే ఏడాది దాకా జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ పేజీ మడిచి పక్కన పెట్టండి, చదివితే నిద్ర పట్టదు. 18 నిండి బాలల సదనం నుంచి బయటికొచ్చినవాళ్లకు 21 దాకా ఆసరా ఇవ్వొచ్చని అదే చట్టం అంటుంది. అంటే మీ గుమ్మం తొక్కాల్సింది అచ్చంగా వాళ్లే! కానీ ఎక్కడికీ పోలేనివాడు గది ఖాళీ చేయడు, అడ్వాన్సూ ఇవ్వడు. బెంగళూరులో ఉద్యోగముండి పండక్కి మాత్రం వచ్చే మేనల్లుడికి గది రాసివ్వండి. రిజిస్టరు నిండుతుంది, ఇల్లు ఖాళీగా ఉంటుంది.

7. విరాళాలు నగదుగానే తీసుకోండి. 2000 రూపాయలు దాటిన నగదుకు పన్ను మినహాయింపు రాదని దాత గొణుగుతాడు. "పుణ్యానికి పన్నేందన్నా!" అనండి. రసీదు పుస్తకం ఎప్పుడూ ప్రెస్సులోనే ఉండాలి.

8. పిల్లల్ని ఒకచోట కూర్చోనివ్వకండి. 1918లో హైదరాబాదులో మొదలైన రెడ్డి హాస్టల్ చూడండి. సురవరం ప్రతాపరెడ్డి అంతటివాడు దాని బాధ్యతలు చూశాడు. ఏమైంది? పిల్లలు చదువుకున్నారు! చదివినవాడు లెక్కలడుగుతాడు. మీ నిలయంలో టీవీ పెట్టండి, రిమోట్ మీ జేబులో ఉంచుకోండి.

ఇన్ని చేసినా ఎవడైనా సంచి పట్టుకుని గడపలో నిలబడితే కంగారు పడొద్దు. భుజం మీద చెయ్యేసి, బెంగళూరు బస్సు ఎన్నింటికో చెప్పి పంపండి.